జాక్ తాతి హాస్య చిత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జాక్ తాతి ఎవరు? ఎన్ని సినిమాలు తీశాడు?

ఫ్రెంచి నటుడు, దర్శకుడు. 1907 అక్టోబరు 9న పారిస్ పక్కనున్న ల పెక్‌లో పుట్టాడు, 1982 నవంబరులో పారిస్‌లో కన్నుమూశాడు. అసలు పేరు జాక్ తాతిషెఫ్, తాతగారు రష్యన్. ఇంట్లో పటాలకు ఫ్రేములు కట్టే వ్యాపారం. కుర్రతనంలో రగ్బీ ఆడాడు. 1930ల్లో మ్యూజిక్ హాళ్లలో ఆటగాళ్లను మూకాభినయంతో అనుకరించి పేరు తెచ్చుకున్నాడు. టెన్నిస్ ఆటగాడు, గోల్‌కీపర్, గుర్రం, గుర్రం మీది రౌతు అన్నీ తానే.

పూర్తి నిడివి సినిమాలు ఆరే: జూర్ ద ఫెత్ (1949), మొస్యూ హులో సెలవులు (1953), మొన్ ఓంక్ల్ (1958), ప్లేటైమ్ (1967), ట్రాఫిక్ (1971), పరేడ్ (1974). పాతికేళ్లలో ఆరు. ఇంత తక్కువ ఎందుకంటే ఒక్కో సినిమాకు షూటింగ్ ఎంత పనో, శబ్దాలు చేర్చడం అంత పని. ఆ సంగతి కింద వివరంగా ఉంది.

ఇవి మూకీ సినిమాలా?

కావు. నిండా శబ్దమే ఉంటుంది, మనుషులు మాట్లాడుతూనే ఉంటారు. కాకపోతే ఆ మాటల మీద కథ నడవదు. హోటల్ లాంజ్‌లో కూర్చుంటే పక్క బల్లల దగ్గరి కబుర్లు చెవిన పడతాయి చూడండి, తాతి సినిమాలో మాట ఆ స్థాయిలోనే వినిపిస్తుంది. వాల్యూమ్ తగ్గిందేమోనని రిమోట్ వెతుక్కోకండి, అది కావాలని అలా కలిపిందే.

మొస్యూ హులో సెలవులు మొదట్లో రైల్వే స్టేషన్ సీను ఉంది. లౌడ్‌స్పీకర్ ఏదో గరగరలాడుతుంది. జనం సామాన్లు పట్టుకుని ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి పరుగెత్తుతారు, రైలు మరో దాని మీదికి వస్తుంది. ఆ ప్రకటనలో ఒక్క ముక్క కూడా ఫ్రెంచివాళ్లకు సైతం అర్థం కాదు. మన స్టేషన్లలో నిలబడ్డవాళ్లెవరికీ ఆ సీనుకు వివరణ అక్కర్లేదు.

ఫ్రెంచి రాకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలా?

మొదటి నాలుగు సినిమాలకు అవసరం లేదు. పెట్టుకుంటే నష్టం కూడా ఉంది. కన్ను తెర అడుగుకు వెళ్లిన ప్రతిసారీ పైన మూలనో, వెనక కిటికీలోనో జరిగే హాస్యం తప్పిపోతుంది. ప్లేటైమ్‌లో అమెరికన్ టూరిస్టులు ఉంటారు కాబట్టి ఇంగ్లిషు కూడా బాగానే వినిపిస్తుంది. ట్రాఫిక్‌లో మాత్రం కస్టమ్స్ వాళ్లతో జరిగే సంభాషణ కాస్త తెలిస్తే మంచిది, అక్కడ సబ్‌టైటిల్స్ ఉంచుకోండి.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

మొస్యూ హులో సెలవులుతో. తర్వాత మొన్ ఓంక్ల్, జూర్ ద ఫెత్, అటుపైన ప్లేటైమ్. ట్రాఫిక్ ఆ తర్వాత. స్వీడిష్ టీవీ కోసం ఎక్కువ భాగం వీడియో మీద తీసిన సర్కస్ ప్రదర్శన పరేడ్, దాన్ని చివరికి పెట్టుకోండి.

ప్లేటైమ్ అన్నిటికన్నా గొప్పదని విని నేరుగా దానితో మొదలుపెట్టి, అరగంటకే ఆపేసేవాళ్లు చాలామంది. అది నిజంగానే అన్నిటికన్నా గొప్పది. కానీ దాన్ని చూడటానికి కన్ను ముందు కొంత అలవాటు పడాలి. ఆ అలవాటును మొదటి రెండూ ఏ కష్టమూ లేకుండా చేసిపెడతాయి.

హులో పాత్రలో ప్రత్యేకత ఏమిటి?

హులో తాతి తానే వేసిన పాత్ర. ఆరడుగులు దాటిన మనిషి. పొట్టి ప్యాంటు, కింద చారల మేజోళ్లు, టోపీ, పైపు, రెయిన్‌కోటు, గొడుగు. మునివేళ్ల మీద ముందుకు వాలి నడుస్తాడు, రెండడుగులు వేసి దారి మార్చుకుంటాడు. మాట దాదాపు లేదు. హోటల్లో దిగినప్పుడు పేరు అడిగితే నోట్లో పైపుతోనే ఏదో అంటాడు. అవతలివాడు చెయ్యి చాపి ఆ పైపు తీశాకే పేరు తెలుస్తుంది.

పాత హాస్య నటులందరికీ హాస్యం తమ చుట్టూ తిరగాలి. హులోది అది కాదు. తలుపు తెరిచి వదిలేస్తాడు, లోపలికి గాలి కొడుతుంది, లాంజ్ అంతా చెల్లాచెదురవుతుంది. ఆయన మాత్రం మర్యాదగా టోపీ తీసి అందరికీ నమస్కారం పెడుతుంటాడు. నవ్వు పుట్టేది గాలికి అల్లాడే మిగతావాళ్ల దగ్గర. ప్లేటైమ్‌కు వచ్చేసరికి ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లాడు: హులో చాలాసేపు కనపడడు, హులోలా ఉండే వేరేవాళ్లు కనపడి మనల్ని మోసం చేస్తారు.

క్లోజప్‌లు ఎందుకు లేవు? ఎక్కడ చూడాలో తెలియడం లేదు.

చాలామందికి అడ్డం వచ్చేది ఇదే. మామూలు సినిమాలో ఎక్కడ నవ్వాలో కెమెరా చెబుతుంది. అరటి తొక్క, కాలు, పడిన మొహం, మూడు షాట్లు. తాతి మనిషిని తల నుంచి కాళ్ల దాకా చూపిస్తాడు, ఆ పక్క మనుషుల్నీ చూపిస్తాడు, వెనక వీధినీ చూపిస్తాడు. వెతుక్కునే పని మనది.

వెతకడానికి పనికొచ్చే పద్ధతి ఒకటి చెబుతాం. షాటు మొదలవగానే ముందు వరుస వదిలేసి వెనక చూడండి. తలుపులు, కిటికీలు, మెట్లు ఉంటే వాటి మీద కన్నేయండి. శబ్దం దేని నుంచి వస్తోందో గమనించండి, ఎందుకంటే తాతి కంటిని లాగేది చాలాసార్లు చెవి ద్వారానే. మొన్ ఓంక్ల్‌లో హులో ఉండే పాత ఇంట్లో ఆయన మెట్లెక్కే షాటు ఉంది. ఇల్లు మొత్తం ఒకే ఫ్రేములో ఉంటుంది. పై గదికి చేరడానికి ఎక్కి, దిగి, అటు పోయి, ఇటు వచ్చి, ఒక్కో కిటికీలో ఒక్కోసారి తలో, కాళ్లో కనపడుతూ పోతాడు. దీన్ని ముక్కలుగా కోసి చూపిస్తే మెట్లెక్కడం తప్ప ఏమీ మిగలదు.

శబ్దాలు అంత వింతగా ఎందుకుంటాయి?

షూటింగులో పట్టిన శబ్దాన్ని తాతి దాదాపు వాడుకోలేదు. నటులు నటిస్తుండగా ఆయన గట్టిగా మాట్లాడుతూ సూచనలిచ్చేవాడు. తర్వాత డబ్బింగ్ థియేటర్లో కూర్చుని ప్రతి శబ్దాన్నీ విడిగా తయారుచేసి కలిపేవాడు. అడుగుల చప్పుడు, తలుపు, గ్లాసు, కుర్చీ, అన్నీ. అందుకే ఆయన సినిమాలో శబ్దం సహజంగా ఉండదు, ఎంచి పెట్టినట్టుంటుంది. ఇరవై శబ్దాలు ఉండాల్సిన చోట రెండే ఉంచి, ఆ రెంటినీ పెద్దవి చేస్తాడు.

మచ్చుకు కొన్ని. సెలవులు సినిమాలో హోటల్ భోజనశాల తలుపు ఊగినప్పుడల్లా తీగ మీటినట్టు మోగుతుంది. ఒకటి రెండుసార్లు విన్నాక ఆ మోత వినబడితే చాలు నవ్వొస్తుంది, తలుపు కనపడక్కర్లేదు. మొన్ ఓంక్ల్‌లో హులో తోబుట్టువైన ఆర్పెల్ గారి ఆవిడ తన ఇంట్లో గట్టి నేల మీద టకటకమంటూ తిరుగుతూ ఉంటుంది. తోటలోని చేప ఫౌంటెన్ గొప్పవాళ్లు వస్తేనే ఆన్ అవుతుంది. వచ్చింది చుట్టమని తేలగానే ఆపేస్తారు. ఎవరికి ఎంత మర్యాదో నీటి చప్పుడు చెప్పేస్తుంది. ప్లేటైమ్‌లో వెయిటింగ్ రూమ్ కుర్చీలు కూర్చుంటే ఒకలా, లేస్తే ఒకలా ఉస్సుమంటాయి. అదే సినిమాలో పొడుగాటి కారిడార్‌లో ఒక ఉద్యోగి చివరి నుంచి నడిచి వస్తాడు. అడుగులు దగ్గరగా వినిపిస్తాయి, మనిషి మాత్రం ఎంతకీ రాడు.

సంగీతం కూడా ఈ లెక్కలోదే. సెలవులులో అలాన్ రోమాఁ బాణీ ఒక్కటే తిరిగి తిరిగి వస్తుంది. హాస్యం జరిగే క్షణంలో మాత్రం సాధారణంగా సంగీతం ఉండదు. డప్పు కొట్టి ‘ఇక్కడ నవ్వండి’ అని చెప్పడం ఆయనకు గిట్టదు.

ఒక హాస్య సన్నివేశాన్ని విడదీసి చెప్పగలరా?

సెలవులులోని రంగు డబ్బా తీసుకుందాం. హులో సముద్రపు ఒడ్డున కూర్చుని చిన్న పడవకు రంగు వేస్తుంటాడు, డబ్బా పక్కన ఇసుక మీద ఉంటుంది. అల వస్తుంది, డబ్బా తేలుకుంటూ పోతుంది. ఆయన చూడడు. కుంచె ముంచడానికి చెయ్యి చాపే సమయానికి అల డబ్బాను ఇంకో పక్కకు తెచ్చి, సరిగ్గా కుంచె కిందికి చేరుస్తుంది.

ఇందులో నాలుగు పనులు ఒకేసారి జరిగాయి. ఒకటి, డబ్బా పోయినట్టు మనకు తెలుసు, ఆయనకు తెలియదు. రెండు, ఇబ్బంది వస్తుందని మనం ఎదురుచూస్తే రాలేదు. మూడు, కోత లేదు. కోసి ఉంటే ‘ఎవరో డబ్బాను పెట్టారు’ అనిపించేది. ఒకే షాటు కాబట్టి సముద్రమే చేసినట్టు నమ్ముతాం. నాలుగు, ఆయన చివరిదాకా ఏమీ గమనించడు, కాబట్టి ఆశ్చర్యపోయే మొహం అంటూ ఉండదు. ఆశ్చర్యం మొత్తం ప్రేక్షకుడి వాటా.

మొన్ ఓంక్ల్‌లో పిట్ట సంగతి ఇంకా సున్నితం. హులో తన గది కిటికీ రెక్క తెరుస్తాడు, అద్దం మీది ఎండ ఎదురింటి పంజరం మీద పడుతుంది, పిట్ట పాడుతుంది. రెక్క కదిలితే పాట ఆగుతుంది. హులోకు అర్థమవుతుంది. బయటికి వెళ్లే ముందు రెక్కను సర్ది, ఎండ పంజరం మీద నిలిచేలా పెట్టి పోతాడు. పడటం, కొట్టుకోవడం ఏదీ లేదు. స్లాప్‌స్టిక్ నుంచి బయల్దేరి తాతి ఎంత దూరం వచ్చాడో ఆ సీను చూస్తే తెలుస్తుంది.

ఒకే సినిమాకు నిడివి తేడాలు ఎందుకు? ఏది చూడాలి?

తాతి విడుదలయ్యాక కూడా సినిమాను కోస్తూ, కలుపుతూ ఉండేవాడు. అందుకే ఈ గందరగోళం.

జూర్ ద ఫెత్‌ను 1947లో సెంత్ సెవేర్ అనే పల్లెలో రెండు కెమెరాలతో తీశారు. ఒకటి థామ్సన్‌కలర్ అనే కొత్త రంగుల పద్ధతికి, రెండోది ముందుజాగ్రత్తగా నలుపు తెలుపుకి. రంగు ఫిల్ము నుంచి ప్రింట్లు తీయడం సాధ్యం కాలేదు. 1949లో నలుపు తెలుపే విడుదలైంది. 1964లో కొత్త సీన్లు చేర్చి, అక్కడక్కడ రంగులద్ది మళ్లీ వదిలాడు. ఆయన పోయాక కూతురు సోఫీ, ఛాయాగ్రాహకుడు ఫ్రాంస్వా ఎద్ కలిసి అసలు రంగులను బయటికి తీశారు, అది 1995లో వచ్చింది. మా సలహా 1949 నాటిది ముందు, రంగులది తర్వాత.

మొస్యూ హులో సెలవులు 1953లో దాదాపు 100 నిమిషాలు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది 1978లో తాతి స్వయంగా సరిచేసిన 88 నిమిషాలది. పడవ రెండుగా విరిగి సొరచేప నోరులా తెరుచుకుంటే జనం పరుగులు తీసే ముక్క అప్పుడు కలిపిందే. మొదటిసారి చూసేవాళ్లకు 88 నిమిషాలది హాయిగా సరిపోతుంది.

మొన్ ఓంక్ల్ ఫ్రెంచిలో 116 నిమిషాలు. మై అంకుల్ పేరుతో ఇంగ్లిషు రూపాన్ని పక్కపక్కనే తీశారు, అది కొంచెం పొట్టి. ఫ్రెంచిదే చూడండి.

ప్లేటైమ్ 1967 డిసెంబరులో విడుదలైనప్పుడు రెండున్నర గంటల పైన ఉంది. తర్వాత తాతి కోశాడు. 2002లో బాగుచేసి విడుదల చేసినది 124 నిమిషాలు, నేడు నమ్మదగ్గది అదే.

ఇంకొక చిక్కు: యూరప్ డీవీడీల్లో సినిమా సెకనుకు 24 ఫ్రేముల బదులు 25 ఫ్రేములతో నడుస్తుంది. 116 నిమిషాల సినిమా 111లో అయిపోతుంది, స్వరం కూడా రవ్వంత పెరుగుతుంది. అది కోత కాదు. అయినా ఇంత లెక్కగా శబ్దం చేసినవాడి సినిమాకు ఆ తేడా కూడా ఉండకూడదనే మేము బ్లూరే చూడమంటాం.

ప్లేటైమ్ ఆయన్ని ఎందుకు దివాలా తీయించింది?

పారిస్ ఆగ్నేయాన, వాన్‌సెన్ అడవికి దగ్గర్లో ఒక నగరాన్నే కట్టించాడు. ‘తాతివిల్’ అని పేరు పడింది. 15,000 చదరపు మీటర్లు, అంటే మూడున్నర ఎకరాలకు పైనే. సొంతంగా కరెంటు, రోడ్లు, కొన్ని కట్టడాలకు చక్రాలు. కోణం మారితే భవనాన్నే జరిపేవారు. దూరాన జనం కావలసిన చోట నిలువెత్తు ఫొటో అట్టలు నిలబెట్టారు. తుఫాను గాలికి సెట్టు దెబ్బతింది, డబ్బు అయిపోయి పని మధ్యమధ్య ఆగింది. 1964లో మొదలై 1967 దాకా సాగింది.

70 ఎం.ఎం.లో, స్టీరియో శబ్దంతో తీసి, ఆ సౌకర్యమున్న హాళ్లలోనే ఆడించాలని పట్టుబట్టాడు. అలాంటి హాళ్లు కొన్నే. అమెరికాలో విడుదలకు 1973 దాకా ఆగాల్సి వచ్చింది. అందులో ప్రేక్షకులు ప్రేమించే హులో అప్పుడప్పుడే కనపడతాడు. అప్పులు తీరక పాత సినిమాల హక్కులు కూడా చేజారి, 1970ల్లో కొన్నేళ్లు అవి తెర మీద కనపడలేదు. ఆ నగరాన్ని సినిమా వాళ్ల కోసం ఉంచమని ఆయన కోరుకున్నా, పడగొట్టేశారు. ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్లేటైమ్ చూస్తే విసుగొచ్చింది. ఏం చేయాలి?

రెండోసారి, వీలైనంత పెద్ద తెర మీద చూడండి. మొదటి గంట ఆఫీసులు, గాజు గోడలు, బూడిద రంగు. ఆ గంట బిగింపు లేకపోతే రాయల్ గార్డెన్ రెస్టారెంటు సీను పేలదు. అక్కడ గాజు తలుపు పగిలితే, ద్వారపాలకుడు పిడి ఒక్కటే చేత్తో పట్టుకుని లేని తలుపును తెరిచి మూసి అతిథులను పంపుతుంటాడు. బల్ల దగ్గరి చేపకు వచ్చిన ప్రతి వెయిటరూ మళ్లీ మసాలా చల్లి పోతాడు, వడ్డించేవాడు ఉండడు. కుర్చీల వీపు మీది కిరీటం గుర్తు అతిథుల వీపుల మీద అచ్చు పడుతుంది. చినిగిన ప్యాంటు వెయిటర్ ఒక మూల నిలబడితే, తక్కినవాళ్లు తమ పాడైన బట్టలు తెచ్చి అతనితో మార్చుకుంటారు. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరగవు, కలగలిసి జరుగుతాయి. ఒక్కసారికి అన్నీ కనపడవు. ఒక విడత చేపను, ఒక విడత తలుపును పట్టుకుని చూడండి. ఐఫిల్ టవర్ గాజు తలుపులో ప్రతిబింబంగా మెరుస్తుంది, అది కూడా పట్టుకోండి.

టీవీలో ఏ సెట్టింగులు మార్చాలి?

మొదటి మూడు సినిమాల ఫ్రేము దాదాపు చతురస్రం, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. వెడల్పు టీవీలో రెండు పక్కల నల్లటి పట్టీలు రావాలి. జూమ్ గానీ స్ట్రెచ్ గానీ పెడితే పైన టోపీ, కింద కాళ్లు పోతాయి. తాతి సినిమాలో కాళ్లు పోతే సగం హాస్యం పోయినట్టే. కదలికను నున్నగా చేసే మోషన్ స్మూదింగ్ ఆపండి. సౌండ్ మెనూలో నైట్ మోడ్, ఆటో వాల్యూమ్, ‘క్లియర్ వాయిస్’ లాంటివి కూడా ఆపేయండి. అవి చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గించి, మాటను ముందుకు తెస్తాయి. తాతి కలిపిన కొలతలన్నీ తారుమారవుతాయి. ఫోనులో చూడొద్దు. వేరే దారి లేకపోతే కనీసం ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

విదేశీ డిస్కులు ఇండియాలో ఆడతాయా?

క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల సంస్థ 2014లో తెచ్చిన ఆరు సినిమాల పెట్టె అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు నేరుగా పనికొస్తుంది. దాని బ్లూరేల రీజియన్ (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అక్షరం) ఎ. బ్రిటన్, ఫ్రాన్స్ డిస్కులు సాధారణంగా బి. ఇండియా సి. ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఎ డిస్కు పెడితే రీజియన్ తప్పని చూపించి ఆగిపోతుంది. కొనే ముందు ప్లేయర్ వెనక ఉన్న అక్షరం చూసుకోండి, లేదా అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ తీసుకోండి.

పిల్లలకు చూపించవచ్చా?

నిశ్చింతగా. జూర్ ద ఫెత్ ఆఖరి అరగంటతో మొదలుపెట్టండి. పోస్ట్‌మ్యాన్ ఫ్రాంస్వా అమెరికా వేగంతో ఉత్తరాలు పంచాలని సైకిలెక్కి, లారీ వెనక తలుపును బల్లగా చేసుకుని నడుస్తూనే ముద్రలు కొడతాడు. మొన్ ఓంక్ల్‌లో మేనల్లుడు, కుక్కలు ఉన్నాయి కాబట్టి అది కూడా ఆకట్టుకుంటుంది. ప్లేటైమ్‌ను తర్వాతికి ఉంచండి.

ఇలాంటివి ఇంకేం చూడవచ్చు?

వెనక్కి వెళితే 1895 నాటి లూమియేర్ సోదరుల తోటమాలి చిత్రం. నీళ్ల గొట్టాన్ని కుర్రాడు తొక్కుతాడు, మాలి గొట్టంలోకి తొంగి చూస్తాడు, కుర్రాడు కాలు తీస్తాడు. నిమిషం కూడా లేదు. తర్వాత పాథే అనే ఫ్రెంచి సినిమా సంస్థలో పట్టు టోపీతో నటించిన మాక్స్ లాందేర్, చాప్లిన్ తన గురువుగా చెప్పుకున్నాయన.

ముందుకొస్తే పియెర్ ఎతెక్స్. మొన్ ఓంక్ల్‌కు తాతి దగ్గర సహాయకుడు. పెళ్లిరోజు భోజనానికి ఇంటికి చేరలేక ట్రాఫిక్‌లో చిక్కుకున్న భర్త మీద ఆయన తీసిన పొట్టి చిత్రం ‘ఎరో అనివెర్సేర్’కు ఆస్కార్ వచ్చింది. ‘యోయో’ (1965) తప్పక చూడండి. హక్కుల తగాదాతో ఆయన సినిమాలు ఏళ్ల తరబడి మూలబడి, 2010 ప్రాంతంలో బయటపడ్డాయి.

మన దగ్గర పోలిక అనగానే సింగీతం శ్రీనివాసరావు గారి పుష్పక విమానం (1987) గుర్తొస్తుంది. రెండూ గొప్పవే, పద్ధతులు వేరు. పుష్పకంలో మాట పూర్తిగా లేదు, కథ గట్టిగా ఉంది, కెమెరా నాయకుడి వెంటే ఉంటుంది. తాతి దగ్గర మాట ఉంది, కథ పలచన, కెమెరా ఎవరి వెంటా పోదు.

ఈ పద్ధతిలో షార్ట్ ఫిల్మ్ తీయాలంటే?

కెమెరా స్టాండు మీద పెట్టి కదపకండి. మనిషి నిలువెత్తున కనపడి, తల పైన ఇంకొంచెం జాగా మిగలాలి. ముందు, మధ్య, వెనక మూడు వరుసలు వేసుకుని, అసలు హాస్యాన్ని మధ్య వరుసలో పెట్టండి. దానికి 12–15 సెకన్లు ఇవ్వండి. తక్కువైతే ప్రేక్షకుడు వెతుక్కునేలోపే అయిపోతుంది.

నటించేటప్పుడు శబ్దం గురించి పట్టించుకోవద్దు. తర్వాత షాటు షాటుకు శబ్దాల జాబితా రాసి, అందులో రెండో మూడో ఉంచి తక్కినవి కొట్టేయండి. ఉంచినవాటిని నిశ్శబ్దంగా ఉన్న గదిలో దగ్గరగా మైకు పెట్టి విడిగా రికార్డు చేయండి. చెప్పుల చప్పుడుకు చెప్పులే వాడాలని లేదు, చెక్క మీద చెక్క కొట్టి చూడండి. మాటలుంటే అర్థం కానంత తగ్గించండి.

ఎక్కువమంది చేసే తప్పు, భయపడి మధ్యలో ఒక క్లోజప్ వేయడం. అది వేయగానే పక్కన జరుగుతున్నవన్నీ చచ్చిపోతాయి. రెండో తప్పు వెనకాల సంగీతం పరచడం. మూడోది, జరిగినదానికి నటుడు ఆశ్చర్యపోవడం. అతన్ని పని చేసుకోనివ్వండి. ఎడిటింగ్ అయ్యాక కథ తెలియని నలుగురికి ఏమీ చెప్పకుండా చూపించండి. ఒక్కరూ గమనించకపోతే శబ్దాన్ని పెంచండి, లేదా వెనక వరుసలో కదలికను తగ్గించండి. షాటును మాత్రం కోయకండి.